పిడుదు జ్వరం

పాలమ్మ గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి కొట్టంలోకి తొంగి చూస్తున్నాడు.

ఆమె దగ్గర పాలు పోయించుకునే వాళ్లంతా ఆమెను పాలమ్మ అనే పిలుస్తారు. కొట్టంలో ఉన్నది ఒక్కటే ఆవు, ఈమధ్యే దళారి ద్వారా కొన్నది. పక్కవీధిలో దూడ మాయమైన దగ్గర్నుంచి కొత్త మొహం కనబడితే చాలు, పాలమ్మకు ఒళ్లు మండుకొస్తోంది.

"ఏం కావాలి?"

"ఆవు బాగుందా అమ్మా? మేత తింటోందా?"

"నీకెందుకు?"

ఆయన నొచ్చుకోలేదు. చెవుల వెనకా, తోక కిందా నెత్తురు పీల్చే పిడుదులున్నాయేమో చూసుకోమన్నాడు.

"మూత్రం టీ డికాక్షన్‌లా దిగితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు తల్లీ. పిడుదు జ్వరమని డాక్టరుకి చెప్పు."

నిక్షేపంలాంటి ఆవుకు లేనిపోని రోగాలు అంటగడుతున్నాడు, భయపెట్టి చవగ్గా కొట్టేసే బేరగాడు కాబోలనుకుంది పాలమ్మ. ఇంకోసారి ఈ వీధిలో కనబడితే బాగుండదని చెప్పి, ఆయన మొహం మీదే గేటు వేసేసింది.

వారం తిరక్కుండా ఆవు మేత ముట్టడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. మూత్రం ముదురు ఎరుపు.

వేడి చేసి ఉంటుంది, అదే సర్దుకుంటుందిలే అన్నాడు భర్త. పాలమ్మకు ముసలాయన మాట గుర్తొచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

"పిడుదు జ్వరం, డాక్టరుగారూ."

డాక్టరమ్మ వెంటనే వచ్చింది. చెవి కొసన రక్తపు చుక్క తీసుకుని, ఇంజెక్షన్ చేసింది. మర్నాడు పాలమ్మను పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. ఎర్రకణాల లోపల జంటజంటగా నక్కి ఉన్నాయి, బుల్లి గింజల్లాంటి క్రిములు. పిడుదు కుట్టినప్పుడు ఇవి రక్తంలోకి దిగుతాయట. కణంలో దూరి, ఒకటి రెండై, దాన్ని పగలగొట్టుకుని ఇంకోదాంట్లోకి పోతాయట. పగిలిన కణాల ఎరుపే మూత్రంలో కనబడేది. తల్లి పిడుదు చచ్చినా గుడ్లలోంచి పిల్లలకు అంటుకుంటాయి కాబట్టి కొట్టమంతా మందు కొట్టించమంది.

"ఇంకొంచెం ఆగుంటే ఆవు దక్కేది కాదు. నీకెవరు చెప్పారమ్మా?"

"నేను మొహం మీదే గేటు వేసేసిన ఒక పెద్దాయన," అంది పాలమ్మ.

మూత్రం తేటపడింది. జ్వరం దిగింది. ఆవు మెడ చాచి పాలమ్మ చేతిలోని గడ్డి లాక్కుంది. భర్త అటు తిరిగి ముక్కు చీదుకుంటుంటే, జలుబు చేసిందా అంటూ ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లకో ఆ పూట ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

ఆ తర్వాత పాలమ్మ ఆ పెద్దాయన కోసం వీధివీధీ వాకబు చేసింది. అందరూ ఎరగమన్నారు. చివరికి దళారి ఎదురుపడితే ఆయన ఆనవాళ్లు చెప్పి, ఒక్కసారి కలిసి క్షమాపణ అడగాలంది.

దళారి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకెక్కడ దొరుకుతాడు పాలమ్మా, కొట్టం పీకేసి ఎటో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నీకు ఆ ఆవును అమ్మింది ఆయనే. ఇదే జ్వరానికి తన కొట్టంలో ఉన్న ఆవులన్నీ పోయాక, నీ అడ్రసు అడిగి తీసుకున్నాడు. ఆయన చేతుల మీద పెరిగినవాటిలో మిగిలింది నీ దగ్గరున్న ఈ ఒక్కటే."