ఆరు గదుల అవతల

మారిట్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. చదువు మళ్ళీ మధ్యలో ఆగిపోతుందేమోనని.

ఒకసారి ఆగింది. పాప కడుపులో ఉండగా నర్సింగ్ మానేసింది. తర్వాత వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, ఇంట్లోంచే చరిత్రలో డిగ్రీ పూర్తి చేసింది.

ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ళకి పదహారు నెలల్లో నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కాలేజీలు ఆ చుట్టుపక్కల మూడున్నాయి. రెండు కాలేజీలు ఆమె పాత శరీరశాస్త్రం మార్కులు చూసి, "ఐదేళ్ళు దాటాయి, చెల్లవు" అన్నాయి.

సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్‌లో ఉన్న మూడో కాలేజీ ఏడేళ్ళ వరకు ఒప్పుకుంటుంది. ఆమె మార్కులకి ఏడేళ్ళు నిండడానికి ఇంకో ఐదు నెలలే ఉన్నాయి. ఈసారి సీటు రాకపోతే అంతా మొదటినుంచి.

ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. ఆ పొద్దున్నే, పాపని చూసుకునే డేకేర్ నుంచి ఫోన్.

"నిన్న టిల్డాకి ఒళ్ళు వెచ్చగా ఉంది కదమ్మా. ఇవాళ తీసుకోలేం."

ఇంటర్వ్యూ ఉత్తరంలో లావు అక్షరాలతో ఉంది: వెంట పిల్లల్ని తీసుకురాకూడదు.

తీసుకెళ్ళింది. పక్క తలుపు వైపునుంచి.

అక్కడ మెట్ల మీద ఒకాయన మంచు కరగడానికి ఉప్పు చల్లుతున్నాడు. మాసిన గోధుమరంగు కోటు, నడుముకి తాళాల గుత్తి. నలభై దాటి ఉంటాయి.

"చూసుకోమ్మా, ఆ మెట్టు జారుతోంది."

కాలేజీలో పనివాడనుకుంది మారిట్.

"ఏమండీ, ఒక్క గంట మా పాపని చూస్తారా? లోపల ఈ బెంచీ మీదే కూర్చుంటుంది. నేను పిల్లని తెచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే నా పని అయిపోయినట్టే."

ఆయన తలుపు అద్దంలోంచి లోపలి గోడ గడియారం వంక చూశాడు. తర్వాత పాప మొహం వంక చూశాడు.

"సరే, వెళ్ళండి. నీ పేరేంటి బంగారం?"

"టిల్డా. నీ కోటు కంపు కొడుతోంది."

"కోటు మా కుక్కది. బతిమాలి వేసుకొచ్చా."

పాప కిసుక్కున నవ్వింది. పదింటి గంట మోగబోతోంది. మారిట్ పరుగెత్తింది.

ఇంటర్వ్యూ అంటే ఆరు గదులు. ఎనిమిది నిమిషాలకోసారి గంట మోగుతుంది. మోగినప్పుడల్లా ఇంకో గది. గదికో ప్రశ్న. ఏ విడతైనా, మొదటి గంటకి గుమ్మం దగ్గర లేనివాళ్ళకి ఇక తలుపు తెరవరు.

నాలుగో గదిలో ఒకావిడ అడిగింది. "ఒకసారి మానేశారుగా. మళ్ళీ మానేయరని ఏం నమ్మకం?"

"మానేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు మేడమ్. ఇక్కడ చాలామందికి తెలీదు."

ఆవిడ ఏదో రాసుకుంది.

ఆరు గదులూ దాటి, చివర ఒక పేజీ వ్యాసం రాసి బయటికొచ్చేసరికి పదకొండుంబావు. బెంచీ ఖాళీ.

అటూ ఇటూ పరుగెత్తింది.

నడవా చివరినుంచి ఆయన వస్తున్నాడు. భుజం మీద టిల్డా. పాప ఒంటి మీద ఆయన చొక్కా, పాదాల దాకా వేలాడుతూ. ఆయన ఉత్త బనీనుతో ఉన్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్ళారు? బట్టలెందుకు మార్చారు?"

"రెండుసార్లు వాంతి చేసుకుందమ్మా. కడిగాను. జ్వరం నూటొకటి ఉండొచ్చు. నీళ్ళు గుక్కెడు గుక్కెడే పట్టండి, ఒక్కసారే వద్దు."

"మీ మెట్ల సంగతి మీరు చూసుకోండి. డాక్టరు పని మీకెందుకు?"

ఆయన తడి గౌను సంచిలో పెట్టి చేతికిచ్చాడు.

"లోపల బాగా చెప్పారా?" అని మాత్రం అడిగాడు.

మారిట్ పాపని అందుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో సీటు వచ్చింది. ఇరవైనాలుగు సీట్లలో ఇరవైనాలుగోది.

కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్తే, ఆఫీసులో డార్లీన్ అనే పెద్దావిడ నవ్వింది.

"బొటాబొటిగా గట్టెక్కావు అమ్మాయ్. మార్కుల్లో అందరికన్నా పైనున్నాయన ఇంటర్వ్యూ రోజు పిలిస్తే పలకలేదు. లేకపోతే నువ్వు బయటే."

"ఆయన రాలేదా?"

"రాకేం! గంటన్నర ముందే వచ్చాడు. ఎవరైనా జారిపడతారని నన్నడిగి ఉప్పు బకెట్ తీసుకెళ్ళాడు. పదకొండేళ్ళుగా అంబులెన్సులో చేస్తున్న మనిషి. పదకొండింటికి ఆయన వంతు. మూడుసార్లు అరిచాను. తలుపులు మూశాక వచ్చాడు, భుజం మీద ఓ పిల్లతో."

మారిట్ చేతిలో కలం ఆగింది.

"పిల్ల ఎవరిదన్నాను. 'నాదే' అన్నాడు. తీసుకురాకూడదని రాశాం కదయ్యా అంటే, 'తప్పే మేడమ్' అన్నాడు. ఫైల్లో అదే రాశాం."

"ఆ పిల్ల నాది."

డార్లీన్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను వినలేదు. సంతకం పెట్టి వెళ్ళు."

"వినండి. నాదే. ఫైల్లో దిద్దండి."

"దిద్దితే నీ సీటు ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు, పిచ్చిపిల్లా!"

"ముందు దిద్దండి."

దిద్దారు. మారిట్‌ని పిలిచి నిలబెట్టి చీవాట్లు పెట్టారు. సీటు మాత్రం తీసేయలేదు.

వచ్చే ఏడు ఇంటర్వ్యూకి మొదటి పేరు మీదేనని ఆయనకి ఉత్తరం రాశారు. చిరునామా మారిందని అది తిరిగొచ్చింది. ఫోన్ పలకలేదు.

ఆయన పేరు ఎల్డెన్ కోస్కి. సుపీరియర్ సరస్సు వైపు ఏ ఊళ్ళోనైనా, అంబులెన్సులో ఆ పేరున్న మనిషి మీకు తగిలితే, ఎలా ఉన్నాడో ఒక్కసారి కనుక్కోండి. ఆ పిల్ల తల్లి నిజం చెప్పేసిందని, ఇంటర్వ్యూకి ఆయన్నే ముందు పిలుస్తారని చెప్పండి.