బ్రేకు లేని సముద్రం

"దీనికి బ్రేకేదే తల్లీ!"

బస్సు డ్రైవరు పెట్టిన కేకకి వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. టీవీ నిండా నీలం నీళ్లు. అందులో ఆయన నడుపుతున్న బుల్లి జలాంతర్గామి. దాని ముందు కొండంత తిమింగలం.

"బ్రేకుండదు నాన్నా," అంది కూతురు నవ్వాపుకుంటూ. "అది నిన్నేం చెయ్యదు. ఈ గేమ్‌లో ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యరు. చేపల్ని చూస్తూ హాయిగా తిరగడమే."

"తిరిగి ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

ఆయన బుర్ర గిర్రున తిరిగింది. ఎక్కడికీ వెళ్లనప్పుడు బండి తియ్యడమెందుకు?

కానీ ఆడక తప్పదు. బీపీ దిగకపోతే స్టీరింగ్ వదిలి టికెట్ కౌంటర్లో కూర్చోవాల్సిందేనని డిపో డాక్టరు తేల్చేశాడు. రెండ్రోజులు సెలవు పెట్టి మనసు ప్రశాంతంగా ఉంచుకో, సోమవారం చూస్తానన్నాడు. అందుకే కూతురు వెతికి మరీ ఈ గేమ్ పెట్టింది. కౌంటరు మాట తలుచుకుంటేనే ఆయన గుండెల్లో రాయి పడుతోంది.

మళ్లీ మొదలెట్టాడు. తాబేలు కనిపిస్తే పక్కకి తప్పుకున్నాడు. చేపల గుంపు కనిపిస్తే బటన్ మీంచి వేలు తీసేసి, ఎక్కుతాయేమోనని కాసేపు చూశాడు.

"వెనక ఎవరొస్తున్నారో చూద్దామంటే అద్దం లేదు. సిగ్నల్ లేదు. ఎవడి ఇష్టం వాడిది! ఇదేం సముద్రమే?"

భార్య ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. "అయ్యయ్యో, ఇంకా పెరిగిందండీ!"

"ప్రశాంతంగా ఆడు నాన్నా!"

"ఎలా ఆడాలో చెప్పి చావరేం మరి!"

ఆదివారం సాయంత్రానికి ఆయనకేమీ పాలుపోలేదు. కొట్టేవాడు లేడు, తిట్టేవాడు లేడు, గెలుపోటముల గొడవే లేదు. మరి ఈ గుండెదడ ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? ఆ రాత్రి కౌంటర్లో కూర్చున్నట్టు కలొచ్చి ఉలిక్కిపడి లేచాడు.

సోమవారం మధ్యాహ్నం డాక్టరు బీపీ కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు.

"భేష్! కుర్రాడి బీపీలా ఉందయ్యా. నీ స్టీరింగ్ నీదే. ఇంతకీ ఏం చేశావు?"

"మా అమ్మాయి సముద్రం గేమ్ ఆడించిందండీ," అన్నాడాయన, అయోమయంగా తల గోక్కుంటూ.

"అదీ సంగతి! ఇప్పుడూ అదే ఆడి వచ్చావన్నమాట."

"లేదండీ. డ్రైవర్లు తక్కువయ్యారని డిపోవాళ్లు పొద్దున్నే పిలిస్తే, మార్కెట్ రూట్లో ఆ జనంలో, ఆ హారన్లలో ట్రిప్పుల మీద ట్రిప్పులు కొట్టి, ఇప్పుడే బండి దిగి వస్తున్నాను."