గుండ్రటి గ్రౌండ్

"వచ్చాడ్రా బాబూ, మళ్ళీ వచ్చాడు!"

బౌలింగ్‌కి పరిగెత్తబోతున్న శేషగిరి ఆగిపోయాడు.

బౌండరీ పక్కన తెల్లజుట్టు ముసలాయన. ఒక కాలు కుంటుతూ గీత వెంబడే నడుస్తున్నాడు. మధ్యమధ్యలో వంగి గడ్డి తడిమి చూస్తున్నాడు.

"కొలతలు తీసుకుంటున్నాడు," అన్నాడు కెప్టెన్ జగదీష్. "బేస్‌బాల్ వాళ్ళ మనిషే. నో డౌట్."

జగదీష్‌కి అనుమానం కొత్త కాదు. పోస్ట్‌మ్యాన్ నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆలోచించే రకం. కానీ ఈసారి కారణం ఉంది. మోరిస్‌విల్ చుట్టుపక్కల ఎన్ని పార్కులున్నా, క్రికెట్‌కి పనికొచ్చే గుండ్రటి గ్రౌండ్ ఇదొక్కటే. దీన్ని చీల్చి సగం బేస్‌బాల్‌కి, సగం పార్కింగ్‌కి ఇమ్మని కొందరు అర్జీ పెట్టారు. వచ్చే గురువారమే టౌన్ హాల్లో హియరింగ్.

హెచ్-వన్ వీసా మీద ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్న జగదీష్‌కి ఈ దేశంలో 'నాది' అనిపించింది ఈ పచ్చిక ఒక్కటే. అది పోతే వారమంతా ఎందుకు బతకాలో కూడా తెలియదతనికి.

అందుకే ప్రతి శనివారం ఆటకి ముందు నేల తాకి కళ్ళకద్దుకుంటాడు. "అమెరికాలో ఇంత గుండ్రంగా గ్రౌండ్ ఏ మహానుభావుడు వేశాడో! ఎక్కడున్నా చల్లగా ఉండాలి," అంటాడు.

"ఉండాలి!" అంటుంది జట్టంతా. ఆ తర్వాతే టాస్.

బ్రేక్‌లో ముసలాయన దగ్గరికొచ్చాడు.

"బాగా ఆడుతున్నారు, మేట్."

శేషగిరి జగదీష్‌ని గిల్లాడు. "ఒరే, ఆస్ట్రేలియా వాడు!"

"ఇంకేం, అయిపోయింది. మొన్న జనవరిలో సిడ్నీ టెస్ట్‌లో తొండి చూశాక కూడా వీళ్ళని నమ్ముతావా?"

"మీ అనుమానం పాడుగాను!" అంది జగదీష్ భార్య పద్మజ, పులిహోర డబ్బా మూత తీస్తూ. "పాపం, పెద్దాయన ఎండలో నిలబడ్డాడు."

పేపర్ ప్లేట్లో పెట్టి ఇచ్చింది. ఆయన ఎండుమిరపకాయ కూడా నమిలేసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం పెట్టమన్నాడు.

"యాక్టింగ్," అన్నాడు జగదీష్ తెలుగులో.

ప్లేట్ తిరిగిస్తూ ముసలాయన అడిగాడు. "ఈ గ్రౌండ్ గురించి ఏదో మీటింగ్ ఉందని చర్చిలో అన్నారు. ఎప్పుడు?"

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మీకెందుకు సర్?"

"నేనూ వచ్చి నాలుగు మాటలు చెబుతాను."

ఎవరి తరఫున నాలుగు మాటలో ఆయన చెప్పలేదు. జగదీష్ అడగనూ లేదు.

"ఇంకా టైముంది సర్. ఈ గురువారం కాదు, ఆ పై గురువారం. సాయంత్రం ఏడింటికి."

"థాంక్స్, మేట్."

ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. జట్టంతా పడీపడీ నవ్వింది.

పద్మజ నవ్వలేదు. "ముసలాయన్ని మోసం చేయడం ఏం బాగుందండీ?"

"నువ్వూరుకో. ఆయనొచ్చేసరికి మన పనైపోతుంది."

నిజంగానే అయిపోయింది.

హియరింగ్‌కి జట్టు జట్టంతా టైలు కట్టుకుని వెళ్ళింది. జగదీష్ రంగురంగుల స్లైడ్లు చూపించాడు. బల్ల వెనక కూర్చున్న ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసింది.

"చాలా బాగుంది. కానీ మీరంతా ఈమధ్య వచ్చినవాళ్ళు. ఈ గ్రౌండ్ ఇలాగే ఉండాలని చెప్పే పాత కాపురస్తులు ఎవరైనా ఉన్నారా? ఒక్కరైనా సరే."

వీళ్ళవైపు ఎవరూ లేవలేదు. అవతలివైపు వరసంతా లేచింది.

గ్రౌండ్ పోయింది.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం, గ్రౌండ్ సామాన్ల షెడ్డు తాళంచెవి డ్రాప్ బాక్సులో పడేద్దామని జగదీష్ టౌన్ హాల్‌కి వెళ్ళాడు. తలుపులు మూసేసి ఉన్నాయి. మెట్ల మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు.

చేతుల్లేని చారల జెర్సీ వేసుకున్నాడు. అది పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. ఒళ్ళో కోడిగుడ్డులా సాగిన పాత తోలు బంతి ఉంది.

"రా, మేట్. ఇంకా తలుపులు తీయలేదు."

జగదీష్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "మీటింగ్... పోయిన వారమే అయిపోయింది సర్. గ్రౌండ్ వాళ్ళకిచ్చేశారు."

ఆయన బంతిని రెండు చేతులతో తిప్పుతూ కూర్చున్నాడు.

"అయితే నేనే తప్పు విన్నాను. చెవులు పాడైపోయాయి. ఏమనుకోకు, మేట్. మీకు మాటసాయం చేయలేకపోయాను."

తప్పు ఎవరిదో జగదీష్‌కి తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఏదో ఒకటి అనాలని, "ఆ బంతి..." అన్నాడు.

"మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్. కుర్రతనంలో మెల్‌బోర్న్‌లో ఆడేవాణ్ణి. పేపర్లలో ఫోటోలు పడేవి! మోకాలు విరిగాక ఎవరికీ గుర్తులేను. టైర్ల కంపెనీలో ఉద్యోగానికి ఇక్కడికొచ్చాను. ఆట మీద పిచ్చి మాత్రం పోలేదు. నాలాంటి వాళ్ళనే నలుగురిని పోగేశాను."

"ఇక్కడా ఆడారా? ఎక్కడ?"

"అదే కదా తంటా! మా దేశంలో చలికాలం మా ఆట, వేసవిలో క్రికెట్. రెండింటికీ ఒకటే గ్రౌండ్. ఇక్కడి గ్రౌండ్లకేమో ఎక్కడ చూసినా మూలలే." ఆయన నవ్వాడు. "నా జట్టువాళ్ళు ఒక్కొక్కరే పోయారు. గడ్డి మొలిచిపోయింది. మళ్ళీ ఎవరో ఆడుతున్నారని తెలిసి, శనివారం శనివారం చూడ్డానికి వచ్చేవాణ్ణి."

జగదీష్ మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"సర్... ఆ గ్రౌండ్..."

"పాడుపడ్డ పొగాకు పొలం అది, మేట్. ఊరివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అడిగి తీసుకుని, రెండు మేకులు పాతి, తాడు కట్టి, ఆ గుండ్రం గీసింది నేనే."