నడుం మీద చెయ్యి

కాన్పులకి తోడుండటమే ఆవిడ పని. ఏం చేస్తే నొప్పి కాస్త తగ్గిందో వెంటనే రాసిపెట్టుకుంటుంది, మళ్లీ నొప్పి వచ్చేసరికి పనికొస్తుందని. ఆ రాత్రి గదిలో ఇద్దరే. ఇంకా టైముందని చెప్పి నర్సు వెళ్లిపోయింది. భర్త వచ్చేసరికి తెల్లారుతుంది. నొప్పులు పడుతున్న అమ్మాయి అటు తిరిగి పడుకుంది.

గోడవార స్టూలు మీద, గుడ్డి వెలుతురులో ఆవిడ రాసుకుంటోంది. కలం గీస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అక్కా, అక్కడే నొక్కు. ప్రాణం లేచొచ్చింది," అంది అమ్మాయి.

నడుం నొక్కితే హాయి, అని అలవాటుకొద్దీ రాసేసింది. అప్పుడు ఆగింది కలం. ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో పుస్తకం. మంచం చూస్తే అల్లంత దూరాన ఉంది.

ఎవరు నొక్కుతున్నారు తల్లీ, అని అడగబోయింది.

"ఇక చాల్లే అక్కా, నువ్వూ అలిసిపోయావు," అంది అమ్మాయి, కళ్లు తెరవకుండానే.

గది సద్దుమణిగింది. ఆవిడ ఎందరి నడుములు నొక్కిందో లెక్కలేదు. తన నడుం నొక్కే దిక్కు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడా నడుం మీద, సరిగ్గా నొప్పి ఉన్నచోట, వెచ్చటి అరచెయ్యి ఆనింది. వెనకాల గోడ తప్ప ఏమీ లేదు.

ఆవిడ తిరిగి చూడలేదు. చూస్తే ఆ చెయ్యి తీసేస్తారేమోనని.