పేజీ మింగేసిన మాట

విచారణ పదకొండు గంటలకి. పదిన్నరకే మెట్లాయన ఆసుపత్రి కంప్యూటర్ గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ల పనంతా ఆయనదే. తెరమీద ఏ సమాచారం పెట్టినా ఒకదాని కింద ఒకటి, లోపలివి ఇంకాస్త లోపలికి జరిపి, మెట్లు మెట్లుగా పేరుస్తాడు. అందుకే ఆ పేరు. "మా మెట్లాయన ఇంటికి సరుకుల చీటీ రాసినా మెట్లు కట్టే రాస్తాడు" అని తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు. ఇవాళ ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆసుపత్రంతా విచారణ గొడవే.

మేనేజరు తలుపు దగ్గరే నిలబడి నసిగాడు. "సెలవులో ఉన్నవాడివి, ఇంటి పట్టున ఉండక నీకెందుకయ్యా ఇదంతా? ఇంకెవరైనా చూస్తారు."

"ఇంకెవరికీ తెలీదు సార్. నేనే చూపించాలి."

బయట బల్లమీద సిస్టర్ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఎనిమిది రోజుల కిందట ఒక పాపని జ్వరంతో తీసుకొచ్చారు. ఏడేళ్ళ పిల్ల. డ్యూటీ డాక్టరు వేరే వార్డులో ఉండి, "కంప్యూటర్ పేజీలో ఏ మందు ఉందో చూసి అదే ఎక్కించమ్మా" అని ఫోన్లో చెప్పాడు. ఆమె ఎక్కించింది. గంటలో పాప ప్రాణం పోయింది.

రికార్డుల గదిలోంచి కాగితం తీసి చూస్తే, ఆ మందు ఇవ్వకూడదని స్పష్టంగా ఉంది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని డాక్టరు ఆమె మీదే విరుచుకుపడ్డాడు. ఇక పాప తండ్రి ఊరుకుంటాడా? నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చాడు. ఈ మనిషి ఇంకెప్పుడూ ఏ రోగినీ ముట్టుకోకూడదన్నాడు. ఆమె జీతం మీదే మంచానపడ్డ తల్లి బతుకుతోంది.

"ఒట్టు, ఆ మాట పేజీలో లేదు" అని సిస్టర్ కనపడినవాళ్ళందరికీ మొత్తుకుంది. పాపం, ఎవరు నమ్ముతారు? ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి నిన్న మెట్లాయన ఇంటిదాకా వచ్చింది.

ఆయన బయటికి రాగానే సిస్టర్ లేచి నిలబడింది. "మీరు నా మొహం కూడా చూడరనుకున్నానన్నా."

"నువ్వు అబద్ధమాడలేదమ్మా. లోపలికి పద."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. భార్య.

"ఏమన్నా తిన్నారా?"

"లేదు. నువ్వు?"

"వండబుద్ధి కాలేదు."

"ఇంటికొచ్చాక నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"ఏంటది?"

"వచ్చాక చెప్తాను."

లోపల విచారణకి కూర్చున్న ముగ్గురు డాక్టర్లకి చెప్పడం ఒక లెక్క కాదు. ఆవిడకి ఎలా చెప్పాలో ఆయనకి తెలియడం లేదు.

విచారణ గదిలో గోడమీద పెద్ద తెర ఉంది. మెట్లాయన నిలబడే మొదలుపెట్టాడు.

"ఇవి పాప వివరాలు సార్. ఈ పద్ధతిని ఎక్స్ఎమ్ఎల్ అంటారు. ప్రతి వివరానికీ అటూ ఇటూ బాణపు గుర్తుల మధ్య దాని పేరు ఉంటుంది. వయసు, బరువు, ఇవ్వకూడని మందు... ఇలాగన్నమాట. వీటిని ఉన్నవి ఉన్నట్టు పేజీలో పడేస్తే, ఆ పేర్లు తనకిచ్చిన ఆజ్ఞలనుకుంటుంది, పేజీని తెరమీద చూపించే బ్రౌజర్. తెలియని ఆజ్ఞలు కాబట్టి మింగేసి ఊరుకుంటుంది. పేర్లు పోతాయి. మధ్యలో ఉన్నవి మాత్రం మిగులుతాయి."

మీట నొక్కాడు. తెరమీద ఒకే ఒక్క వరస కనబడింది. ఏడు, పంతొమ్మిది కిలోలు, జ్వరం, పెన్సిలిన్.

"ఆ రోజు సిస్టర్‌కి కనబడింది ఇదీ."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మెట్లాయన ఇంకోసారి నొక్కాడు. ఈసారి వివరాలన్నీ మెట్లు మెట్లుగా దిగాయి. నాలుగో మెట్టు మీద 'ఇవ్వకూడని మందు' అని ఉంది. దాని కింద, కాస్త లోపలికి, పెన్సిలిన్.

"ఆ బాణపు గుర్తుల్ని ఆజ్ఞలు కాదని తెలిసేలా మార్చి పెడితే పేజీ ఇలా చూపిస్తుంది. అందుకు రెండు లైన్లు రాస్తే చాలు. రాయలేదు."

"ఎవరు రాయలేదు?"

"నేనే సార్. పేజీ వాడకంలోకి వచ్చి అప్పటికి రెండు రోజులే. ఇంటికి తొందరగా వెళ్ళాలని, రేపు చూద్దాంలే అనుకున్నాను. మర్చిపోయాను."

సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన తప్పు లేదని తేలినందుకు ఆమె మొహంలో రవ్వంత సంతోషం లేదు. "అయ్యో అన్నా... మీరా?" అంటూ బావురుమంది.

చివరికి పెద్ద డాక్టరు రెండు కాగితాలు టైపు చేయించి బల్లమీద పెట్టాడు.

"మొదటిది తప్పు ఒప్పుకుంటున్నట్టు. సంతకం పెడితే ఉద్యోగం ఉండదు, తెలుసు కదా?"

"తెలుసు సార్."

"రెండోది ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు. దీనిమీద పాప తండ్రి సంతకం పడితేనే సిస్టర్‌ని మళ్ళీ డ్యూటీలోకి తీసుకోగలం." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి మొహంలోకీ చూడలేదు.

మెట్లాయన మొదటి కాగితం మీద సంతకం పెట్టి, రెండో కాగితాన్ని దగ్గరికి లాక్కుని, అదే పెన్నుతో 'పాప తండ్రి' అని ఉన్నచోట కూడా, ఆ నాలుగు పేజీల ఫిర్యాదు కింద పెట్టినట్టే, తన సంతకమే పెట్టాడు.