రోడ్డు లేనిచోటికీ వెళ్లే జీపు

"కారు రోడ్డున్నంతవరకే ఎల్తాది. ఇది రోడ్డు నేనికాడికీ ఎల్తాది!" అంటూ మలయా రబ్బరు ఎస్టేటులో లారీ డ్రైవరు బంగారయ్య పాత మిలిటరీ జీపును ఇంటిముందు ఆపాడు.

వారమంతా దాన్ని ముస్తాబు చేశాడు. బురదలో దిగబడితే చక్రాల కింద వెయ్యడానికి రెండు పలకలు, చెట్టుకు కట్టి లాగడానికి ఇనుపతాడు, పార, గొడ్డలి, పెట్రోలు డబ్బాలు. వాగుల్లో మునక్కుండా పొగగొట్టాన్ని కూడా పైకెత్తించాడు.

"ఏ దేశం ఎల్తన్నాం మావా?" నవ్వాపుకోలేక అడిగింది భార్య నరసమ్మ.

"సెప్పను. నువ్వు పులిహోర వొండు!"

ఆదివారం పొద్దున్నే, హారను మోగించుకుంటూ, ఎస్టేటు జనమంతా చూస్తుండగా బయల్దేరారు. ముళ్లకంచె గేటు దగ్గర నరసమ్మ చెయ్యి దానంతటదే అన్నం గిన్నెను కొంగు కింద దాచేసింది. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు అందుతుందని ఏడేళ్లుగా పోలీసులు ఆ గేటు దాటి ఒక్క మెతుకునైనా పోనివ్వలేదు. రబ్బరు చెట్లకింద పనిచేసినంతసేపూ అందరిదీ ఖాళీ కడుపే. మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటేడు, మొన్ననే, తనిఖీ ఎత్తేశారు.

"దాయకే! ఎత్తి సూపించు!"

పోలీసులు లేని ఖాళీ కుర్చీకి నరసమ్మ గిన్నె ఎత్తి చూపించింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

గేటు దాటి ఇరవై గజాలైనా పోలేదు. చక్కటి తారురోడ్డు పక్కన జీపు ఆగిపోయింది.

"ఏటయింది మావా? సెడిపోయిందేటి?"

"సెడిపోనేదే. వచ్చీసినాం." బంగారయ్య బానెట్ మీద అరిటాకు పరిచాడు. "ఏడేళ్లనుంచీ అన్నం గిన్నెతో ఇక్కడికే రావాలనుకున్నాను. వొడ్డించు."