బందెలదొడ్డిలో భైరవుడు

నేను గాడిదను. మీరు అనేలోపు నేనే ఒప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుందని ముందే చెబుతున్నాను. బండలాగుడు పోటీల్లో భైరవుడనే గిత్త గెలిచిన ప్రతిసారీ, ఊరంతా చెవులు మూసుకునేలా జేజేలు కొట్టింది నేనే.

ఆ భైరవుడు మొన్న కుడితి తొట్టి దగ్గర అడ్డొచ్చిందని పుల్లమ్మ అనే మేకను కుమ్మాడు. దాని కాలు విరిగింది. కాపలావాళ్లు వాణ్ణి తీసుకెళ్లి, తప్పు చేసిన పశువుల్ని పెట్టే బందెలదొడ్డిలో కట్టేశారు.

కంచె బయట మేమంతా చేరాం.

"అసలు మేకకి తొట్టి దగ్గరేం పని? వాడు ఊరికే కుమ్మే రకం కాదు," అంది కోడి.

"వాడు రౌడీ అని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా," అంది పోటీల్లో అవతలి గిత్తను మెచ్చుకునే కాకి.

"వచ్చే వారం పోటీ ఉంది. ముందు వాణ్ణి వదలమనండి, తప్పొప్పులు తర్వాత చూసుకుందాం," అన్నాను నేను. మూడు రోజులు అదే ఓండ్ర పెట్టాను.

నాలుగో రోజు భైరవుడు కంచె దగ్గరకొచ్చాడు. తల పైకెత్తలేదు.

"గాడిదన్నా, నేను చేసింది తప్పే. నా సంగతి వదిలెయ్. పుల్లమ్మకి ఎలా ఉంది? లేచి నిలబడుతోందా?"

నేను కోడి వైపు చూశాను. కోడి కాకి వైపు చూసింది. కాకి ఎగిరిపోయింది. మూడు రోజులుగా ఆ గొడవ గురించి అంతంత మాట్లాడిన మాలో, ఆ మేకను చూడ్డానికి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

"కనుక్కుని చెబుతాను," అని బయల్దేరాను. పుల్లమ్మ ఉండే కొట్టం ఎటో కూడా దారిలో ఒకరిని అడగాల్సి వచ్చింది.